కొర్నేలు కదల్లేదు

మా తాత జక్కరయ్య పలక మీద ప్రపంచం గీసేవాడు.
మార్కాపురం పలకే, చెక్క చట్రం ఇంకా బిగించని పచ్చి పలక,
అంచు తగిలితే వేలు తెగేది.
బలపం నాలిక్కి అద్దుకొని
ఇది బర్మా అనేవాడు, ఇది బస్రా,
ఇదిగో ఈ మరక లాంటిది తర్లుపాడు టేసను.
తర్లుపాడు ఎప్పుడూ ఇటలీ కంటే పెద్దదిగా ఉండేది.

ఆ టేసన్లోనే నలభై ఒకటిలో
ముగ్గురు రైలెక్కారు.
రాయి చీల్చే చేతులని విని
దొర ముగ్గురి అరచేతులూ తిప్పి తిప్పి చూశాడంట.
ఇస్సాకుకు కంచర గాడిదలనిచ్చి బర్మా వైపు తోలారు.
కొర్నేలుకు పార ఇచ్చి ఇరాకు ఓడెక్కించారు.
తాత గీసిన గీత వంకర పోదు గనక
ఢిల్లీలో ఒక పొడుగాటి గదిలో
పటాల ముందు నిలబెట్టారు.

యుద్ధం లోకమంతా పాకితే
ఒక్క తలకాయ మొయ్యలేదంట దాన్ని.
అందుకని ముక్కలు చేస్తారు.
ముక్కకో జనరలు, ముక్కకో లెక్కల పుస్తకం,
ముక్కకో రంగు సిరా.
ఆ ముక్కని థియేటరంటారు, అని కార్డు రాశాడు తాత.

కొర్నేలు భార్య సంతోషమ్మకు తెలిసిన థియేటరు
కంభం రోడ్డు పక్కన గుడారం టాకీసు ఒక్కటే.
పాస్టరుగారితో కార్డు చదివించుకొని
"ఏం ఆటంట అయ్యగారూ? ఇంటర్వెల్లెప్పుడంట?" అనడిగింది.
పాస్టరుగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

రాయికి పొర ఉంటుందబ్బయా, అనేవాడు తాత.
తడిపి, చెవి ఆనించి, ఉలి మొన పెడితే
యాడ విడిపోవాలో అదే చెబుతుంది.
ఆ గదిలో నేలకు చెవి ఆనించినోడు ఒక్కడూ లేడు.
స్కేలు పెట్టమన్నారు, పెట్టా.

ఒకరోజు ఇరాకును ఢిల్లీ లెక్కలోంచి తీసి
కైరో లెక్కలో వేశారు.
తాత రబ్బరుతో పాత గీత చెరిపి కొత్తది గీశాడు.
ఎండాకాలం పోయాక, కైరోకి బరువెక్కువైందని
బాగ్దాదుకు వేరే కాపురం పెట్టారు.
మళ్ళీ రబ్బరు, మళ్ళీ గీత.

కొర్నేలు కదల్లేదు.
అదే ఇసక, అదే పార, సరిహద్దున అదే రైలు కట్ట.
ఒక థియేటర్లో పడుకొని
ఇంకో థియేటర్లో లేచాడు.
మనియార్డరుకు మాత్రం దారి తెలీక
సంతోషమ్మ ఏడు నెలలు జొన్నలు అప్పు తెచ్చుకుంది.

గీత మారిన వారంలో కొర్నేలుకు జ్వరం.
తర్వాత చాలా రోజులకి రెండు కాగితాలొచ్చాయి,
ఒకే సంచీలో.
'ఈ పేరు గలవాడు మా పట్టీలో లేడు' అని ఒకటి.
'హాజరు ఉన్నాడు, జీతం బాకీ' అని ఇంకోటి.
సంతోషమ్మ రెండోదాన్ని మడిచి బైబిల్లో పెట్టుకుంది.

"పెన్సిలు గీత మందం ఎంతో ఎరుగుదువా?"
తాత నన్ను ఎన్నిసార్లు అడిగాడో.
"ఆ పటం మీద నాలుగు మైళ్ళు.
ఆ నాలుగు మైళ్ళకీ ఏ జనరలూ లేడు.
మా కొర్నేలున్నాడు."

ఇస్సాకు తిరిగొచ్చాడు, ఒక చెవి యాడో అడివిలో వదిలేసి.
పటం చూపించబోతే చెయ్యి అడ్డం పెట్టేవాడు.
"నా థియేటరు నా ముందు నడిచే గాడిద తోకరా జక్కరయ్యా.
అంతకు మించి నాకేం కనపడలా."
బీడీ ఆరిపోయిందాకా ఇద్దరూ మాట్లాడేవాళ్ళు కాదు.

తాత ఢిల్లీ నుంచి దిగిన రోజు
సంతోషమ్మ ఒక్కటే అడిగిందంట:
"మరిదీ, ఆయన గీతకు ఇవతలా? అవతలా?"

పొద్దుగూకితే
పలక మీద దొండాకు నలిపి, బొగ్గు రాసి,
బస్రా, బర్మా, ఇటలీ అన్నీ చెరిపేసేవాడు.
నల్లగా, తడిగా, ఏమీ లేనట్టు ఉండేది పలక.
తడారాక చూస్తే
గీత మళ్ళీ తెల్లగా తేలేది.